చక్రక్షాళన పద్యానికి టీకా, తాత్పర్యం

అవతారిక: నాయకుడు తిరుమల నుంచి కారులో దిగి వచ్చాడు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవాళ్లదే. మలుపు మలుపుకీ బ్రేకు. ఇంటికొచ్చి చూసుకుంటే తన గుండు నున్నగా మెరుస్తోంది, కారు ముందు చక్రాలు మాత్రం పొయ్యిలోంచి తీసినట్టున్నాయి. బకెట్టు నీళ్లు గుమ్మరించాడు, పోలేదు. తుడిచాడు, గుడ్డ నల్లబడింది గానీ చక్రం తెల్లబడలేదు. ఇనుప పీచు కోసం వంటింట్లోకి నడుస్తున్న అతణ్ని గుమ్మంలో నిలబెట్టి అనుభవజ్ఞుడొకడు చెప్పిన తేటగీతి ఇది. (అనుభవజ్ఞుడు, కవి, వ్యాఖ్యాత ముగ్గురూ నేనే. వేరే ఎవరూ ముందుకు రాలేదు.)

చల్లబడినట్టి చక్రమ్ము చాయలోన
నీటిధారతో మునుముందు నెమ్మదిగను
కడిగి, మందుఁ జల్లిన నూద కారువేళ
కుంచె పట్టని సందులఁ గుడ్డె దిక్కు!

టీక: చల్లబడినట్టి చక్రమ్ము = వేడి పూర్తిగా దిగిన అల్లాయ్ వీలు. ఘాట్ దిగిన బ్రేకు డిస్కు మీద చన్నీళ్లు కొడితే అది వంకరపోయే ప్రమాదముంది. మందు చల్లితే చల్లినచోటే ఆరి మరక కడుతుంది. చాయలోన = నీడలో. ‘చాయ్‌లోన’ అని హైదరాబాదు ప్రతుల్లో పాఠాంతరం. ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యేసరికి చక్రం ఎలాగూ చల్లారుతుంది గనక ఆ పాఠమూ గ్రాహ్యమే.

నీటిధారతో మునుముందు = అన్నిటికన్నా ముందు నీళ్లతో. పైనున్న ఇసుక పోకుండా రుద్దడం గరుకు కాగితంతో రుద్దడమే. ఎండు పొడిని ఉఫ్ అని ఊదేవారున్నారు, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేకు పొడి గాలిని పాడుచేస్తోందనే యూరప్ వారు 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనల్లో పొగతోపాటు దానికీ హద్దు గీశారు. నెమ్మదిగను = తొందర లేకుండా. యతి కోసం వేసిన మాటనుకుంటారేమో, కాదు. కడిగి = కార్ షాంపూతో అని అధ్యాహారం. చక్రాలకు బకెట్టు వేరు, గుడ్డ వేరు. ఆ గుడ్డే బానెట్టు మీదికి వెళ్తే గీతల ముగ్గు పడుతుంది.

మందు = ఐరన్ రిమూవర్. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పూనిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడంటారు. ఇక్కడ నేను రాసేదంతా మూలంలో లేనిదే, ఆయన మన్నించాలి.

పూర్వపక్షం: “మసే కదా, గట్టిగా రుద్దితే పోదా?” సిద్ధాంతం: అది మసి కాదు, ఇనుము. డిస్కు పోత ఇనుముది. ప్యాడ్ దాన్ని ఒరుసుకున్నప్పుడల్లా రెండూ అరుగుతాయి. కణకణలాడే ఆ రేణువులు ఎగిరి అల్లాయ్ పైనున్న క్లియర్ కోట్‌లో నాటుకుంటాయి. తడి తగిలితే అక్కడే తుప్పుపట్టి వేళ్లూనుతాయి. గోడలో దిగిన మేకును తుడిచి తీయగలమా? ఈ మందుల్లో చాలావాటిలో ఉండేది థయోగ్లైకొలేట్ లవణం. బ్యూటీ పార్లర్లలో జుట్టుకు ఉంగరాలు తిప్పే లోషన్లలో వాడేదీ అదే. అది ఇనుమును పట్టుకుని ఊదారంగు ద్రవంగా కిందికి దించుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మందు చెడిందనుకోకండి, అది దాని గుణం. చేతులకు గ్లౌజులు, మూడు నాలుగు నిమిషాల ఓపిక కావాలి. ఆరనివ్వకుండా నీళ్లతో కడిగేయాలి. అందుకే ఒకసారికి ఒక చక్రమే.

ఊద కారువేళ = ఊదారంగు కారే సమయాన. ఇక్కడ శ్లేష: ‘కారు’ క్రియా అవుతుంది, వాహనమూ అవుతుంది. రంగులేని మందు చల్లితే రంగు కారడం విరోధాభాసం. మొదటిసారి చూసినప్పుడు చక్రానికి గాయమైందేమోనని నేను నిజంగానే కంగారుపడ్డాను.

కుంచె పట్టని సందులఁ గుడ్డె దిక్కు = మెత్తని కుచ్చు బ్రష్షు కూడా దూరని చోట్ల మైక్రోఫైబర్ గుడ్డే శరణ్యం. నట్ల గుంటలు, చువ్వల వెనక వైపు, రిమ్ములోపలి గోడ అన్నీ ఇందులోకే వస్తాయి. గుడ్డను వేలికి చుట్టి తిప్పాలి. అసలు నలుపంతా చువ్వల వెనకే దాక్కుంటుంది. ముందు వైపు మాత్రం తళతళలాడించి సెల్ఫీ దిగేవారి గురించి కవి మౌనం వహించాడు.

‘యాసిడ్‌ జల్లిన’ అని మూడో పాదానికి ఇంకో పాఠముంది. అది ప్రక్షిప్తం, పైగా గణభంగం. ఒక వాటర్ వాష్ దుకాణంలో కుర్రాడు ఆ పాఠమే అనుసరించాడు. వారం రోజులు నా చక్రాలు అద్దాల్లా ఉన్నాయి. తర్వాత క్లియర్ కోట్ కింద తెల్లటి దారాలు పాకాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. పక్క ఫ్లాటు బాబాయిగారు చింతపండు పాఠం చెబుతారు. ఇత్తడి చెంబు విషయంలో ఆయన మాట శిరోధార్యం, అల్లాయ్ విషయంలో కాదు.

తాత్పర్యం: చల్లార్చి, కడిగి, మందు చల్లి, కారనిచ్చి, మళ్లీ కడగాలి. బలం అక్కర్లేదు.

విశేషం: వెనక చక్రాలు ఎందుకు తెల్లగా ఉన్నాయని శిష్యుడి ప్రశ్న. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, పని ఎక్కువగా ముందు బ్రేకులదే. మన దగ్గర చాలా కార్లకు వెనక డ్రమ్ములే గనక పొడి లోపలే ఉండిపోతుంది.

ఫలశ్రుతి: కడిగి తుడిచిన చక్రానికి ఒక పూత మైనం పట్టిస్తే వచ్చే నెల పని సగమవుతుంది. ఆపైన కారును వెంటనే నిలిపేయకుండా రెండు వీధులు తిప్పి, నాలుగుసార్లు బ్రేకు నొక్కండి. లేకపోతే తడి డిస్కు తెల్లారేసరికి తుప్పు రంగు తేలుతుంది. ఆ మొదటి నొక్కుతోనే పొడి మళ్లీ రాలడం మొదలవుతుంది.