ఈ బ్లాగు మరమ్మతులో ఉంది

మా పెదనాన్నగారి పెద్దల్లుడు రచయిత. ఈ సంగతి ఆయన బ్లాగులో 'నా గురించి' అన్న పేజీలో ఉంటుంది. ఆ పేజీని ఏటా తిరగరాస్తారు. రచయిత అన్న మాట జోలికి మాత్రం పోరు, దాని ఫాంటు మారుస్తారు.

ఇలాంటివారు హైదరాబాదులో, బెంగుళూరులో, డాలస్‌లో కొల్లలు. వాస్తు పిచ్చి పట్టినవాడు కాపురం సంగతి వదిలేసి గుమ్మాలు మార్పించినట్టు, వీళ్ళు రాయడం వదిలేసి బ్లాగు కట్టిస్తూ ఉంటారు. గుర్తుపట్టడం కష్టమేం కాదు. "నా బ్లాగు చదివావా?" అని అడగరు. "చూశావా?" అంటారు. చూశానంటే, "ఫోనులోనా? అబ్బే, ల్యాప్‌టాప్‌లో చూడాలి" అంటారు. ల్యాప్‌టాప్‌లో చూశామంటే ఫోనులో ఇంకా బాగుంటుందంటారు.

బావగారు రంగంలోకి దిగింది 2007లో. తెలుగు బ్లాగులకు అది మంచి కాలం. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, టపా వేస్తే బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలిలో కనబడేది, జన్మ ధన్యమయ్యేది. విండోస్ ఎక్స్‌పీ వాళ్ళు కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళి ఫలానా చోట టిక్కు పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో బావగారు చుట్టాలందరికీ ఫోనులో చెప్పేవారు. పుణ్యం ఊరికే పోదు.

మొదటి బ్లాగు బ్లాగ్‌స్పాట్‌లో. నల్లటి నేపథ్యం, పసుపు అక్షరాలు, పైన కుడి నుంచి ఎడమకి పాకే సుస్వాగతం, పక్కన గడియారం, దాని కింద క్యాలెండరు, అన్నిటికన్నా కింద ఎంతమంది చూశారో లెక్కపెట్టే మీటరు. మీటరు జోరుగా తిరిగేది. రంగు మార్చిన ప్రతిసారీ పేజీ మళ్ళీ తెరిచి చూసుకునేది బావగారే కదా!

ఆ రోజుల్లోనే ఒక మంచి టపా రాశారు. ఉన్నమాట చెప్పాలి, బావగారికి రాయడం వచ్చు. సొంతూరు నరసాపురం. అక్కడి రేవులో పంటెక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళడం మీద ఆ టపా. పంటు మీద మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, సఖినేటిపల్లిలో పెళ్ళికి వెళ్తున్న ఓ కారు, కారు దిగి గోదారమ్మకి దణ్ణం పెట్టుకుంటానని ఓ ముసలావిడ, చీర నలుగుతుంది దిగొద్దని కోడలు. చదువుతుంటే ఇంజను పొగ ముక్కుకి తగిలింది. పంటు రేవు వదిలింది, బావగారు 'ఇంకా ఉంది' అని పెట్టారు. అంతే. ఆ పెళ్ళివారు ఇప్పటికీ నడిగోదాట్లోనే ఉన్నారు.

"రెండో భాగం ఎప్పుడు బావగారూ?" అన్నాను.

"రాద్దునోయ్! ఈ మూసలో పేరాకీ పేరాకీ మధ్య ఎడం చాలడం లేదు. అది చూస్తుంటే రాయబుద్ధి కావడం లేదు."

ఎడం కోసం వర్డ్‌ప్రెస్‌కి మారారు. అక్కడ డేటాబేసు ఒక ఎన్‌కోడింగు అంటే పేజీ ఇంకోటంది. ఇద్దరికీ పొత్తు కుదరక టపా యావత్తూ ప్రశ్నార్థకాలైపోయింది. శీర్షిక ప్రశ్నార్థకాలు, గోదారి ప్రశ్నార్థకాలు, కోడలి సణుగుడూ ప్రశ్నార్థకాలే. కవిత్వం రాసే మిత్రుడొకాయన చూసి ప్రయోగం చాలా బాగుందని మెచ్చుకున్నాడు.

దాన్ని సరిచేసేసరికి వర్డ్‌ప్రెస్ మీద మోజు తీరిపోయింది. టామ్ ప్రెస్టన్-వెర్నర్ అనే ఆయన 2008లో జెకిల్ అనే పనిముట్టు తెచ్చాడు. డేటాబేసు అక్కర్లేదు, మామూలు ఫైల్లో రాసుకుని ఒక ఆజ్ఞ ఇస్తే పేజీలు తయారు. హ్యాకరులా బ్లాగు రాయాలన్నది ఆయన ఉద్దేశం. బావగారు అందులో హ్యాకరు వరకూ తీసుకున్నారు. తర్వాత 2013లో హ్యూగో వచ్చింది. వేల పేజీలున్న సైటునైనా సెకన్లలో కట్టేస్తుందని పేరు. బావగారివి మొత్తం పదకొండు పేజీలు. అందులో పంటు ఒకటి, ఉగాది శుభాకాంక్షలు ఒకటి. మిగిలినవి దాదాపు అన్నీ బ్లాగు కొత్త రూపు గురించే. ప్రతిదాని చివరా 'ఇకనుంచి తరచుగా రాస్తాను' అని ఉంటుంది.

మంచి చిరునామాలు మారవని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఓ వ్యాసం రాశారు. బావగారికి అది కంఠతా వచ్చు. దాన్ని మెచ్చుకుంటూ ఆయన వేసిన టపాకి ఇప్పటికి నాలుగు చిరునామాలు. మూడు తెరుచుకోవు.

ఇక ఫాంట్ల ఘట్టం. గూగుల్ ఫాంట్లలో తెలుగువి వరసగా చేరిన రోజుల్లో బావగారికి నిద్ర లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ, ఇవన్నీ ఫాంట్ల పేర్లే. శీర్షికలు పెద్దనకి, ఉపశీర్షికలు తిమ్మనకి, తేదీలు సూరన్నకి అప్పగించి, అడుగున కాపీరైటు గీత తెనాలి రామకృష్ణకి పడేశారు. శ్రీకృష్ణదేవరాయ పేరుతోనూ ఒక ఫాంటుంది. దాన్ని తన పేరుకి వాడుకున్నారు. అష్టదిగ్గజాలు దిగడానికి టైము పడుతుంది కాబట్టి పేజీ తెరిస్తే కాసేపు ఖాళీ సింహాసనమే కనబడేది. రాయాలంటే తనకి తాంబూలం, ఊగే మంచం వగైరా కావాలని పెద్దన ఏకరువు పెట్టాడంటారు. ఆ జాబితాలోనూ లైన్ హైట్ లేదు.

బావగారి జాబితాలో మొదటిది అదే. ఓ రాత్రి నన్ను పిలిచి తెర చూపించారు. పై వరసలో 'రాష్ట్రం', కింది వరసలో 'కీర్తి'. ష కింద టవత్తు, దాని పక్కన క్రావడి వేలాడి వచ్చి 'కీ' గుడిదీర్ఘాన్ని గీరుకుంటున్నాయి. వరసల ఎడం 1.6 పెడితే గీరుకుంటోంది, 1.8 పెడితే రెండూ ఒకే పేరాలోవి కానట్టుంది. 1.7 పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, ఒక కన్ను మూసి చూశారు. ఇందులో ఆయన్ని తప్పుపట్టను. ఇంగ్లీషు కొలతలతో కుట్టిన మూసల్లో మన ఒత్తుల కాళ్ళు తెగుతాయి, పెద్ద పెద్ద సైట్లలోనూ ఆ నెత్తురు కనబడుతుంది. బావగారి పేజీలో ఒక్క ఒత్తు తెగలేదు. ఒత్తులున్న కొత్త వాక్యం కూడా పడలేదు.

మా అక్క వాదన వేరు. "ఒరేయ్, వంటింటి అలమార తలుపు ఊడి ఏడాదైంది. ఫోనులో చూసినా ఊడే ఉంది, ల్యాప్‌టాప్‌లో చూసినా ఊడే ఉంది. ఆ రెస్పాన్సివ్ సంగతేదో కాస్త చూడమను."

ఈమధ్య ఏఐ వచ్చింది. ఇలా ఇలా కావాలని చెప్తే పూటలో సైటు కట్టి చేతిలో పెడుతోంది. ఇక సాకులు అయిపోయాయి, రాయక చస్తారా అని అక్క సంబరపడింది. బావగారు ఇప్పుడు పూటకొకటి కట్టిస్తున్నారు.

పాఠకులకి ఒక్క మనవి. ఆయన మీకూ లింకు పంపుతారు. డిజైను బాగుందనకండి, దాని మీద ఇంకో డార్క్ మోడ్ పెడతారు. బాగాలేదని అసలే అనకండి. సఖినేటిపల్లి నుంచి పెళ్ళికూతురి తండ్రిని మాట్లాడుతున్నానని చెప్పి, కారు ఎంతవరకు వచ్చిందో అడగండి.