నో డ్యూస్

రిటైర్మెంటుకి నెల ముందు నో డ్యూస్ ఫారం పట్టుకుని లైబ్రరీకి వెళ్లాను, సంతకం పెట్టించుకుని టీ తాగి వచ్చేద్దామని. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో నా పేరు కొట్టాడు. తెర కిందికి జరిపాడు, ఇంకా జరిపాడు. "సార్, కూర్చోండి" అన్నాడు. స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టర్లు అనే కూర్చోండి అది.

31 పుస్తకాలట!

మా దగ్గర విద్యార్థికి గడువు 15 రోజులు, దాటితే రోజుకి రూపాయి. మేష్టర్లకి ఒక సెమిస్టరు. ఏ సెమిస్టరో రూల్సులో రాయలేదు, జరిమానా ఊసే లేదు. లైబ్రరీ వాళ్లు పంపే రిమైండర్లు మాత్రం మంచి కాగితం మీద ఒకవైపే అచ్చయి వచ్చేవి. రెండోవైపు పాఠం నోట్సు రాసుకునేవాణ్ణి.

రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ కాకముందు లెక్కల మేష్టారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. మేష్టర్ల దగ్గర్నించి పుస్తకం రాబట్టడానికి పట్టే సమయం గురించి ఆయనేమీ అనలేదు. సొంత కులం కదా, మొహమాటపడి ఉంటారు.

కౌంటర్లో ఆ కుర్రాడంటే నాకు కొంచెం భయం కూడా. థీసిస్‌లకి సిమిలారిటీ రిపోర్టు తీసేది అతనే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటకూడదు. ఓసారి మా శిష్యుడికి 34 వచ్చింది. అందులో సగం నా పాత వ్యాసమే. అది నేనెక్కణ్ణించి ఎత్తానో కూడా ఆ మిషను చెప్పేసింది.

"వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కద సార్, 13,000 జర్నళ్లు ఆన్‌లైన్లోనే. తిరిగివ్వాల్సిన పనే లేదు" అన్నాడు ఓదార్పుగా. తిరిగివ్వక్కర్లేనిదాన్ని ఎగ్గొట్టేదెలా?

ఇంట్లో తవ్వకాలు మొదలెట్టాం. 30 దొరికాయి. ఒకటి మంచం కోడు కింద, ఒకటి బియ్యం డబ్బా మీద మూతగా. ఒకదాని వెనక తేదీల చీటీ చూశాను. మూడు నెలల్లో అయిదుగురు తీసుకెళ్లిన పుస్తకం అది. ఆరో ముద్ర 1998, నాది. దాని కింద చీటీ అంతా తెల్లగా ఉంది.

31వది వ్యాసాల సంపుటి, వీపు మీద 894.827, అంటే డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యం. వెల ఆరు రూపాయలు. మూడు రెట్లు కట్టాలన్నారని హుషారుగా 18 రూపాయలు తీశాను. "అచ్చులో లేదు సార్, పుస్తకమే తెచ్చివ్వాలి" అన్నాడు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది! వంద రూపాయలు. లోపల మా లైబ్రరీ ముద్రే. మా ఆవిడ పాతపేపర్లతో పాటు వేసేసిందన్న మాట. ఆమెనేమీ అనకుండా సోమవారం పట్టుకెళ్లాను.

కుర్రాడు రిజిస్టరు తిరగేశాడు. "ఇది 41206 సార్. మీరు తీసుకున్నది 41207. ఇది వేరే ప్రొఫెసరు గారి పేరు మీదుంది. ఆయన 2009లో రిటైరయ్యారు."

"పుస్తకం ఇవ్వకుండా ఆయనకి నో డ్యూస్ ఎలా వచ్చిందయ్యా?" అని గర్జించాను.

"అప్పటి లైబ్రరీ కమిటీ చైర్మన్ గారు సంతకం పెట్టేశారు సార్."

"ఎవరా పెద్దమనిషి?"

కుర్రాడు ఫైలు నావైపు తిప్పాడు. సంతకం ఎక్కడో చూసినట్టే ఉంది.