దక్షుడి డ్రెస్ కోడ్

ఇసుకతో గౌను చేశారంటే గోదావరి ఒడ్డున మా పట్టిసీమలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "చెయ్యడమెందుకండీ, తడిపంచెతో తిన్నె మీద కూర్చుంటే అదే పట్టేసుకుంటదండి" అన్నాడు రేవులో పడవ సరంగు. నేను చెప్పింది న్యూయార్క్‌లో జరిగే ఫ్యాషన్ విందు, 2024 మెట్ గాలా సంగతి. దక్షిణాఫ్రికా గాయని టైలాకి బాల్మెయిన్ వాళ్లు ఒంటికి అచ్చుపోసినట్టు ఇసుక గౌను తయారుచేశారు. చేతికో ఇసుక గడియారం కూడా ఇచ్చారు. కాళ్ల సంగతే మర్చిపోయారు. ఆ పిల్ల మెట్లెక్కలేక నిలబడిపోతే మనుషులు ఎత్తుకెళ్లి పైన దించారు. "మరి ఆ లోడింగు చార్జీ ఎవరిదండీ?" అని అడిగాడు సరంగు. న్యాయమైన ప్రశ్న. మన రాష్ట్రంలో ఆ ఏడు జులై నుంచి ఇసుక ఉచితం. తవ్వినందుకూ, ఎత్తినందుకూ, తోలినందుకూ మాత్రమే డబ్బులు. న్యూయార్క్‌లోనూ అదే పాలసీ అన్నమాట.

ఆ ఏడు డ్రెస్ కోడ్ 'కాలపు తోట'. 1962లో రచయిత బల్లార్డ్ రాసిన కథ పేరది. అందమైన తోటలో ఒక దొర, దొరసాని. దూరాన్నించి వాళ్ల గోడ మీదికి తోసుకొస్తున్న అలగా జనం. ఆ జనాన్ని ఇంకాస్త ఆపడానికి దొర కాలాన్ని వెనక్కి తిప్పే పువ్వులు ఒక్కొక్కటే తెంపుతుంటాడు. టికెట్టు 75,000 డాలర్లు పెట్టి, ఆపైన వోగ్ పత్రిక అన్నా వింటూర్ గారు ఊఁ అంటే తప్ప లోపలికి రానివ్వని విందుకి ఈ కథని ఎంచినవాళ్లెవరో గానీ, నాకంటే పెద్ద వ్యంగ్య రచయితలు. అతిథులు మాత్రం కథలోంచి పువ్వులు ఒక్కటే తీసుకుని గౌన్ల మీద కుట్టించుకున్నారు.

మన ఆలియా భట్ సబ్యసాచి చీరలో వెళ్లింది. వెనక 23 అడుగుల పైట. పట్టిసీమ రేవులో ఆ పైట వదిలితే పడవ గోదావరి మధ్యకి వెళ్లాక కూడా చివర ఇంకా ఒడ్డునే ఉంటుంది. 163 మంది 1,965 గంటలు పనిచేశారని ప్రకటించారు. భాగించి చూశాను: తలా పన్నెండు గంటలు. ఉప్పాడలో జాందానీ మగ్గం మీద ఇద్దరు కూర్చుంటే పనితనాన్ని బట్టి ఒక్క చీరకి నెలలు పడుతుంది. ఆ గంటలు ఎవరూ ఏ మెట్ల మీదా ప్రకటించరు. పైగా షావుకారు బేరమాడతాడు. అన్నట్టు ఆ 163 మందిలో లోకానికి తెలిసిన పేరు ఒక్కటే, అది షాపు బోర్డు మీదుంది.

ఇక జంతువులు. 2023 జనవరిలో పారిస్‌లో స్కియాపరెల్లి వారి ఫ్యాషన్ ప్రదర్శనకి కైలీ జెన్నర్ సింహం తల తగిలించుకుని వచ్చింది. డాంటే నరకంలోని సింహమట. చంపి తెచ్చింది కాదు, ఫోమూ రెజినూ కలిపి చేసిందేనని కంపెనీ చెప్పుకోవాల్సొచ్చింది. అదే మార్చిలో మన జూనియర్ ఎన్టీఆర్ భుజాన బంగారు పులితో ఆస్కార్‌కి వెళ్లాడు. సినిమాలో పులితో తలపడ్డవాడు కనక దాన్ని మోసే హక్కుందని ఒప్పుకుంటాను. కానీ మృగం తల విభాగంలో బహుమతి మాత్రం దక్షప్రజాపతిదే. మెడ మీద మేక తల, అసలుసిసలుది, విందయ్యాక తీసి పెట్టెలో దాచుకునే వీల్లేనిది. వినాయకుడు జడ్జి శివుడిగారబ్బాయి కాబట్టి పోటీకి రాడు.

ఆ తల అక్కడికెలా వచ్చిందో పట్టిసీమలో పిల్లలు కూడా చెబుతారు. దక్షుడు యజ్ఞం తలపెట్టి ముల్లోకాలకీ పిలుపులు పంపాడు, అల్లుడు శివుడికి తప్ప. బూడిద పూసుకుంటాడు, ఏనుగుతోలు కప్పుకుంటాడు, పాములే నగలంటాడు, ఫొటోలో పక్కన నిలబెట్టుకోవడం ఎలా? కూతురు పిలవకపోయినా వెళ్లింది, అవమానం భరించలేక ప్రాణం తీసుకుంది. శివుడి జటలోంచి వీరభద్రుడు లేచాడు. పందిరి పీకాడు, దక్షుడి తల నరికాడు (ఆ మెడకి మేక తల అతికించింది తర్వాత), నరికిన పట్టిసమనే ఆయుధాన్ని ఇక్కడి గోదావరిలో కడిగాడని స్థలపురాణం. ఆ వీరభద్రుడే నది మధ్య దేవకూటం కొండ మీద ఉన్నాడు. శివరాత్రికి జనం ఏ బట్టలతో పడవెక్కుతారో ఆయన అడగడు.

దక్షుడు ఓడిపోయాడని మనం అనుకుంటాం. శ్రీశైలం వెళ్లి చూడండి. అదే శివుణ్ణి తాకి దణ్ణం పెట్టుకోవాలంటే మగవాళ్లు పంచె కట్టి తీరాలి, ప్యాంటు పనికిరాదు. రేపు ఆయనే ఏనుగుతోలుతో వచ్చి స్పర్శ దర్శనం లైన్లో నిలబడ్డా, పక్క కొట్లో పంచె కొనుక్కు రమ్మని పంపిస్తారు.