హాఫ్ కాల్షీట్ అన్న

మా వెంగళరావు నగర్‌లో వానాకాలం వచ్చిందని తెలుసుకోవడానికి ఆకాశం చూడక్కర్లేదు. పొద్దున్నే కృష్ణకాంత్ పార్కులో మోకాళ్ల నొప్పుల బృందం సుగరు సంగతి మానేసి జలపాతాల సంగతి మొదలుపెట్టిందంటే వచ్చినట్టే. వాళ్లకి ఆ జబ్బు అంటించినవాడు పక్క బెంచీ దగ్గరే నిలబడి ఉంటాడు. మెడలో విజిల్, భుజాన తువ్వాలు, నెత్తిన ఏదో సినిమా పేరున్న టోపీ. ఆ సినిమా విడుదల కాలేదు. టోపీలు మాత్రం విడుదలయ్యాయి.

అతనికీ ఒక పేరుంది, దాంతో ఎవరికీ పని పడలేదు. హాస్టల్ కుర్రాళ్లకి 'అన్న', ఫ్లాట్లలో ఆడవాళ్లకి 'ట్రిప్ అన్నయ్య', నాబోటి రిటైరైనవాళ్లకి 'ఆ జలపాతాల కుర్రాడు'. కుర్రాడికి నలభై ఎనిమిదేళ్లు. ఇలాంటివాడు ఒక్కడే ఉన్నాడనుకునేరు. మధురానగర్‌లో ఒకడున్నాడు, కళ్యాణ్ నగర్‌లో ఇద్దరున్నారు. నమ్మకం లేకపోతే జులైలో ఏ శుక్రవారం రాత్రో మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. బ్యాగుల మీద కూర్చున్న జనం, ఇంజన్ ఆపని బస్సులు, ఒక్కో బస్సు ఫుట్‌బోర్డు మీద ఒక్కో అన్న, చేతిలో నలిగిన కాగితం, అందులో పేర్లు. "అమ్మా, మీది ములుగు బస్సు కాదు, ఆదిలాబాద్ బస్సు. దిగండి తల్లీ!"

మావాడు ఇరవై అయిదేళ్ల కిందట కొవ్వూరు నుంచి దర్శకుడవుదామని వచ్చాడు. కృష్ణానగర్‌లో గది దొరక్క మా వీధిలో డాబా మీద రేకుల గదిలో దిగాడు. ఫిల్మ్‌నగర్ అక్కణ్ణించి ఆటోలో పావుగంట. ఇతనికి మాత్రం ఈ జన్మకి చేరేంత దగ్గరగా కనిపించలేదు. అసిస్టెంట్ డైరెక్టర్‌గా మొదలై, ప్రొడక్షన్‌లోకి జారి, లొకేషన్లు చూసిపెట్టే పనిలో కొన్నాళ్లు తిరిగి, చివరికి ఆ లొకేషన్లకి హీరోహీరోయిన్లు లేకుండా జనాన్నే తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. "వీళ్లయితే రెమ్యూనరేషన్ అడగరు సార్, వాళ్లే ఇస్తారు" అన్నాడు. సినిమా పరిశ్రమలో ఇంత తెలివైన మాట నేను వినలేదు.

మా కాలనీకి, జలపాతాలకి దైవసంబంధం ఉందని కూడా అతని వాదన. 1973 నుంచి 78 దాకా ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావు గారి పేరే కదా మా కాలనీది. "ఇంటిపేరులోనే జలం ఉంది సార్. ఈ కాలనీవాళ్లకి రాసిపెట్టి ఉంది." వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డప్పుడు ఆ రాతే నాకూ గుర్తొస్తుంది.

అతని ప్రకటన ఏటా ఒకటే: 'హాఫ్ డే వాటర్‌ఫాల్ స్విమ్మింగ్. గైడ్, టిఫిన్, భోజనం సహా.' శుక్రవారం రాత్రి పదింటికి బయలుదేరితే శనివారం రాత్రి పదిన్నరకి మళ్లీ మైత్రీవనం. నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చూసినవాణ్ణి. ఇరవై నాలుగున్నర గంటల్లో హాఫ్ డే ఎక్కడుందయ్యా అని అడిగాను.

"సార్, కాల్షీటంటే లొకేషన్‌లో పని చేసిన టైము. ప్రయాణం అందులోకి రాదు. నీళ్ల దగ్గర నాలుగు గంటలు. అంటే హాఫ్ కాల్షీట్."

"నాలుగున్నర గంటలైతే?"

"అది నా నష్టం."

జలపాతాల గురించి అతనికి తెలియనిది లేదు. కాకపోతే వాటిని నటీనటుల్లాగా చెబుతాడు. తలకోన సీనియర్ ఆర్టిస్టు. 270 అడుగుల ఎత్తు, శేషాచలం అడవుల్లో ఇల్లు, ఎన్నో సినిమాల్లో కనిపించిన ముఖం. హైదరాబాద్ నుంచి డేట్లు కుదరవు. కడెం నది మీద కుంతాల అసలైన హీరో, 147 అడుగులు, శకుంతల పేరే అలా మారిందని చెప్పుకుంటారు. కానీ దగ్గరికి రానివ్వడు. దిగేటప్పుడు మెట్లు మామూలుగానే ఉంటాయి, ఎక్కేటప్పుడు రెట్టింపవుతాయి. దానికి దగ్గర్లోనే ఉన్న పొచ్చెర చూడ్డానికి పొట్టి, లోపల లోతు. విలన్. నల్లమలలో మల్లెలతీర్థం క్యారెక్టర్ ఆర్టిస్టు, కాస్త నీళ్లున్నా చాలు, సీను పండిస్తుంది. ములుగు జిల్లా వాజేడు మండలంలో బొగత పక్కా కమర్షియల్. ఎత్తు పెద్దగా లేదు, వెడల్పుంది, మోతుంది, అక్కడిదాకా రోడ్డుంది, పార్కింగుంది. 'తెలంగాణ నయాగరా' అని బిరుదు కూడా ఉంది. మనవాళ్లు బిరుదు లేనిదే హీరో అని ఒప్పుకోరు, జలపాతమని ఒప్పుకుంటారా?

ఎత్తిపోతల ఒక్కటే అతనికి అచ్చిరాలేదు. మొదటి సంవత్సరం ప్రాస కుదిరిందని 'ఎత్తిపోతలలో ఈత' అని పోస్టరు వేయించాడు. అది నాగార్జునసాగర్‌కి దగ్గర, చంద్రవంక నీళ్లు, 70 అడుగులు, అన్నీ నిజమే. కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉందన్న సంగతి ప్రాసలో ఇమడలేదు. నేను చెబితే కాసేపు గడ్డం గోక్కుని, మర్నాటికి మార్చేశాడు: 'ఎత్తిపోతల: చూపులకు మాత్రమే.' పెళ్లిసంబంధాల ప్రకటన అనుకుని ఇద్దరు ఫోన్ చేశారట.

ఇక ఆ హెల్మెట్ల గొడవకి మూలం నేనే. ఒప్పుకుంటున్నాను. మా మేనకోడలు డల్లాస్ నుంచి ఓడ ప్రయాణం కట్టి కరీబియన్ దీవులు తిరిగొచ్చి వీడియోలు పంపింది. జమైకాలో ఓచో రియోస్ దగ్గర డన్స్ రివర్ జలపాతం. 180 అడుగుల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దిగి సముద్రంలో కలుస్తుంది. జనం కిందనుంచి పైకి, నీళ్లకి ఎదురుగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసుగా ఎక్కుతారు. ముందు గైడు, అతని మెడలో అందరి కెమెరాలు. డొమినికన్ రిపబ్లిక్‌లో దమహాగువా అని ఇంకోటి. వరుసగా 27 జలపాతాలు, దూకుతూ జారుతూ రావడం, నెత్తిన హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్ తప్పనిసరి. నేను ఊరుకోక ఈ వీడియోలు అన్నకి చూపించాను. అక్కడితో ఆగినా బాగుండేది. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమా 'డాక్టర్ నో' ఆ జమైకాలోనే తీశారు అని కూడా అన్నాను.

మర్నాడు గ్రూపులో మెసేజీ: 'ఈసారి బొగత, జేమ్స్ బాండ్ స్టయిల్. ఎవరి హెల్మెట్ వాళ్లు తెచ్చుకోవాలి.'

పాపానికి పరిహారంగా నేనూ టికెట్ కొన్నాను. ముప్పై రెండు మందిమి. అందులో పదకొండు మంది నిజంగానే బండి హెల్మెట్లు తెచ్చారు. చలాన్లు పడ్డా అమీర్‌పేట చౌరస్తాలో పెట్టుకోని హెల్మెట్లు, 280 కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చారు. ఒకాయన దారంతా అది పెట్టుకునే నిద్రపోయాడు. కిటికీకి తల కొట్టుకోలేదు, అదొక్కటి లాభం.

బస్సులో అన్న నిద్రపోడు. జనగామలో టీ, వరంగల్ దాటాక ఒక లెక్కింపు, ములుగు దాటాక ఇంకో లెక్కింపు. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కేసరికి తెల్లారింది. కింద గోదావరి, ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి. అందరినీ విజిలేసి లేపుతాడనుకున్నాను. వెయ్యలేదు. కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడు.

"మీ కొవ్వూరుకి పోయే నీళ్లే" అన్నాను.

"అవున్సార్."

"గోదారి ఒడ్డున పుట్టినవాడివి, ఈత బాగా వచ్చుండాలే."

కాసేపాగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మ దిగనిచ్చేది కాదు సార్. మీలోనే ఉంచుకోండి."

వంతెన దాటగానే విజిల్ మోగింది. "యూనిట్ రెడీ!"

బొగతలో చీకుపల్లి వాగు ఆ రోజు పాలు కలిపిన టీ రంగులో ఉంది. మోత దూరం నుంచే వినిపించింది. అటవీ శాఖ మనిషి ఒకాయన కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. ప్రవాహం ఎక్కువ, మడుగులోకి దిగడానికి వీల్లేదు, పక్కన కట్టించిన కొలనులో దిగండి అన్నాడు. అన్న అతన్ని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేసి, "అన్నా, మాది హాఫ్ కాల్షీటే" అన్నాడు. ఆయన కోయలో ఏదో అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. అన్న రెండోసారి అడగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ జాతి అన్నల్లో మూడోసారి, నాలుగోసారి అడిగేవాళ్లున్నారు, అడక్కుండా వెనక దారిన తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. 2023 జులైలో ఇదే జిల్లాలో ముత్యాలధార చూడ్డానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే, జాతీయ విపత్తు దళం వాళ్లు రాత్రికి రాత్రి వెళ్లి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. మావాడు ఆ వారం ట్రిప్పు రద్దు చేసి డబ్బులు వెనక్కిచ్చాడు. వానకి భయపడ్డాడని హాస్టల్ కుర్రాళ్లు వెక్కిరించారు. నిజమే, భయపడ్డాడు. అతనికి ఈత రాకపోవడమే మా ముప్పై రెండు మందికీ లైఫ్ జాకెట్.

కొలనులో నీళ్లు నడుము దాకా. జేమ్స్ బాండ్ స్టయిల్ అక్కడే కానిచ్చారు. అన్న గట్టు మీద ఎత్తైన బండ చూసుకుని ఎక్కాడు. మెడలో పధ్నాలుగు ఫోన్లు, ఒక ఆవిడ మంగళసూత్రం గొలుసు, ఎవరివో పళ్ల సెట్టు ఉన్న డబ్బా. "చేతులు పట్టుకోండి! చెయిన్ తెగకూడదు! ఆంటీ, మీరు ఫ్రేములోకి రండి. హెల్మెట్ తమ్ముళ్లు ముందుకి! రోలింగ్!"

ముప్పై మంది గొలుసు కట్టి (నేను గట్టునే ఉన్నాను, అంత పరిహారం చేసుకోవాల్సిన పాపం కాదు) పాచి పట్టిన మెట్టు మీదికి అడుగేశారు. మొదటివాడు జారి కూర్చున్నాడు. చెయ్యి వదలకూడదని ఆజ్ఞ కనక రెండోవాడూ కూర్చున్నాడు. మూడో ఆవిడ, నాలుగో ఆయన, అలా చివరి దాకా, బంతి భోజనానికి కూర్చున్నట్టు వరుసగా అందరూ నీళ్లలో కూర్చున్నారు. హెల్మెట్లు మాత్రం నీళ్లకి పైనే తేలుతూ నిలబడ్డాయి.

"సూపర్!" అన్నాడు అన్న. "వన్ మోర్!"

వన్ మోర్ కూడా చేశారు. అయిదుసార్లు చేశారు. చివరికి బాగానే ఎక్కారు. కానీ ఇప్పటికీ అందరూ చూసుకునేది మొదటి టేకే.

"అన్నా, మీరూ రండన్నా!" అని ఒక కుర్రాడు అరిచాడు.

"డైరెక్టర్ నీళ్లల్లో దిగితే ఫ్రేము ఎవరు చూస్తారు తమ్ముడూ?"

అతని భుజం మీది తువ్వాలు చూశాను. నీటి చుక్క కూడా తగల్లేదు. ఆ తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు, వేడి సాంబారు గిన్నె పట్టుకున్నాడు, ఒక పాపకి ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. తువ్వాలు పుట్టిన పని ఒక్కటే చెయ్యలేదు.

భోజనం దగ్గర మాత్రం అతన్ని మించినవాడు లేడు. తడిసిన మనిషికి ఒడ్డెక్కిన పది నిమిషాలకి ఆకలేస్తుందని, ఆ పది నిమిషాల్లో అన్నం కనపడకపోతే డబ్బులు దండగన్న మాట పుడుతుందని షూటింగుల్లో నేర్చుకున్నాడు. పులిహోర, పెరుగన్నం, వేయించిన మిరపకాయ. జనాన్ని తలలు చూసి లెక్కపెట్టడు, పొట్లాలు చూసి లెక్కపెడతాడు. తల అబద్ధం చెబుతుందట, పొట్లం చెప్పదట.

ఆ రోజు ఒక పొట్లం మిగిలింది.

అన్న ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేకపోయాడు. కొలను దగ్గరికి పరుగెత్తాడు. అక్కణ్ణించి మడుగు దగ్గరికి. కర్ర పట్టుకున్న ఆయన ఏమైందని అడిగేలోపే బూట్లతో, ప్యాంటుతో, మోకాలి దాకా వాగులోకి దిగిపోయాడు. అమ్మ మాట అప్పుడే జవదాటాడు. కోయ కుర్రాడు వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగి గట్టున కూర్చోబెట్టాడు.

తప్పిపోయినవాడు బస్సు వెనక సీట్లో దొరికాడు. హెల్మెట్ పెట్టుకుని నిద్రపోయినాయనే. అసలు దిగనే లేదు.

అన్న ఆయన్ని ఏమీ అనలేదు. పొట్లం చేతిలో పెట్టి, "తినండి సార్, చల్లారిపోతుంది" అన్నాడు. తిరుగు ప్రయాణంలో జనగామ వచ్చేదాకా విజిల్ మోగలేదు. మైత్రీవనంలో దించేసరికి పదకొండు దాటింది. ఆ అరగంట తన నష్టమేనని లెక్క రాసుకున్నాడు.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు పైన ట్యాంకు నిండి, పైపులోంచి మూడంతస్తుల మీదనుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. వాచ్‌మన్ మోటారు కట్టెయ్యడానికి పరుగెత్తుతున్నాడు. అన్న గేటు దగ్గర తువ్వాలు తడవకుండా రెండడుగులు వెనక్కి జరిగి, మెడ ఎత్తి, కన్ను చికిలించి, రెండు చేతులతో ఫ్రేము కట్టి చూస్తున్నాడు.

"ఎత్తు బాగుంది సార్" అన్నాడు నన్ను చూసి. "పార్కింగే లేదు."