మోర్తాడ్ చేరిన సన్‌బీమ్

తన గురించి చెప్పుకునేటప్పుడు 'నేను' అనడం ఈ పుస్తకానికి అలవాటు లేదు. అట్టమీద ఉన్నది రాసినామె పేరు, లోపల ఉన్నది ఆమె ప్రయాణం. మధ్యలో కాగితాలకు 'నేను' ఎక్కడిది? అందుకే ఈ ఆత్మకథ పొడుగునా అది 'ఈ ప్రతి' అనే అంటుంది.

ఈ ప్రతి 1889లో లండన్‌లో పుట్టింది. అచ్చేసినవాళ్లు లాంగ్‌మన్స్, గ్రీన్. పేరు 'ది లాస్ట్ వాయేజ్'. రాసిన లేడీ బ్రాసీ 531 టన్నుల 'సన్‌బీమ్' అనే సొంత ఓడలో పిల్లాజెల్లాతో 1876-77లో లోకం చుట్టివచ్చిన మనిషి. ఆ ప్రయాణం మీద 1878లో వెలువడిన ఆమె పుస్తకం ముద్రణ మీద ముద్రణ అమ్ముడుపోయి, అనేక భాషల్లోకి వెళ్లింది. ఈ పుస్తకానికి ఆ భోగం లేదు. ఇండియా, సింహళం, బర్మా, బోర్నియో, ఆస్ట్రేలియా తిరిగి వెనక్కి వెళుతూ 1887 సెప్టెంబరు 14న ఆమె ఓడలోనే మలేరియాతో కన్నుమూసింది. సముద్రంలోనే సాగనంపారు. మిగిలిన రాతలను ఎం.ఎ. బ్రూమ్ అనే రచయిత్రి కూర్చి పుస్తకం చేసింది.

అందులో హైదరాబాద్ ముచ్చట ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోజులవి. మోర్తాడ్ కూడా ఆ రాజ్యంలోనిదే కాబట్టి, ఇక్కడికి రావడాన్ని ఈ ప్రతి పరాయి ఊరికి రావడంగా లెక్కపెట్టదు.

వచ్చిన దారి మాత్రం దుబాయ్ మీదుగా. మోర్తాడ్, ఆర్మూర్, బాల్కొండ వైపు ఇంటికొకరైనా గల్ఫ్ పోయినవాళ్లుంటారు. ఈ ప్రతి యజమాని అక్కడ ఒక ఇంగ్లిష్ కుటుంబానికి డ్రైవరు. వాళ్లు దేశం వెళ్లిపోతూ, పారేయాల్సిన సామాన్ల డబ్బా ఒకటి ఆయన ముందు పెట్టారు. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, గొడ్డలి గుర్తు తైలం సీసాలు నింపిన అట్టపెట్టెలో అడుగున చేరింది ఈ ప్రతి. పెట్టె విప్పినరోజు ఆయన భార్య దీన్ని రెండు చేతులా ఎత్తి చూసింది.

"బంగారం తెస్తడనుకుంటే బరువు తెచ్చిండు!"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఈ ప్రతి నిజంగానే బరువు.

అక్కడినుంచి ఆయనకు తెరచాప ఓడల పుస్తకాల పిచ్చి పట్టింది. సముద్రం దరిదాపుల్లో లేని ఊరు. ఎక్కువ నీళ్లు చూడాలంటే పోచంపాడు పోయి శ్రీరాంసాగర్ చూడాల్సిందే. అయినా హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఆబిడ్స్ ఆదివారం సంతలో కుప్పలు తిరగేస్తాడు. అలా వచ్చి పక్కన నిలబడినవాడే జాషువా స్లోకమ్.

స్లోకమ్ 1895లో బోస్టన్ నుంచి 'స్ప్రే' అనే చిన్న పడవలో ఒంటరిగా బయలుదేరి, 1898లో తిరిగి వచ్చాడు. లోకాన్ని ఒక్కడే పడవమీద చుట్టినవాళ్లలో మొదటివాడు. శిథిలమైన పాత పడవను సొంత చేతులతో బాగుచేసుకోవడానికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పైసలతో సహా రాసిపెట్టాడు. ఆ కథ ముందు సెంచరీ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1900లో న్యూయార్క్‌లో పుస్తకమైంది. సేకర్తలు వెతికేది ఆ 1900 ప్రతి కోసం. ఈ ఇంట్లో ఉన్నది 1948లో లండన్‌లో రూపర్ట్ హార్ట్-డేవిస్ సంస్థ 'మెరినర్స్ లైబ్రరీ' పేరుతో మొదలుపెట్టిన వరుసలో ఒకటో నంబరు. మొదటి ముద్రణ కాదని ఈ ప్రతి దాన్ని కొంచెం చిన్నచూపు చూసిన మాట నిజమే. కానీ ఇంటిల్లిపాదీ చదివింది దాన్నే.

2018 మే నెలలో దానికో దెబ్బ తగిలింది. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 'తారిణి' అనే తెరచాప నౌకలో లోకం చుట్టి గోవా చేరిన వార్త అది. వాళ్లలో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. యజమాని మురిసిపోయి ఆ పేపర్ ముక్క కత్తిరించి స్లోకమ్ పేజీల మధ్య పెట్టాడు. న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఎక్కువ. ఇప్పుడక్కడ రెండు పేజీల మీద ఆ ముక్క ఆకారంలోనే గోధుమరంగు మచ్చ.

ఈ ప్రతి మచ్చ వేరు, పసుపుది. పంట తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజుల్లో సాయంత్రంపూట చదివితే ఇంకేమవుతుంది? హైదరాబాద్ పేజీ అంచున బొటనవేలు అచ్చుపడింది. ఒకసారి హైదరాబాద్ నుంచి పాత పుస్తకాల వ్యాపారి వచ్చి, టైటిల్ పేజీ సంవత్సరం చూసి, బొమ్మలు లెక్కపెట్టి, కుట్లు ఒత్తి చూసి, ఆ వేలిముద్ర దగ్గర ఆగాడు.

"ఎండకు పెడితే పసుపు పోతది గాని అన్నా, అట్ట రంగు గూడ దాంతోనే పోతది."

"ఉండనియ్యి. నా వేలే గదా," అన్నాడు యజమాని.

మొదటి ముద్రణల లోకంలో అన్నీ సవ్యంగా ఉండవు. హెర్మన్ మెల్విల్ 'మోబీ-డిక్' మొదట వెలువడింది అమెరికాలో కాదు, లండన్‌లో. 1851 అక్టోబరులో 'ది వేల్' పేరుతో, మూడు సంపుటాలుగా, 500 ప్రతులు. అందులో చివరి ఉపసంహారం జారిపోయింది. ఓడ మునిగిపోతే కథ చెప్పేవాడు ఎలా బతికాడో అర్థంకాక అక్కడి సమీక్షకులు ఎగతాళి చేశారు. ఆ ఉపసంహారం ఉన్న అమెరికా ముద్రణ నవంబరులో వచ్చింది. కథ పూర్తిగా కావాలంటే రెండోదే కొనాలి; సేకర్తలు మాత్రం ఆ కొరతబడ్డ మొదటిదాని కోసం ఆస్తులు కుమ్మరిస్తారు.

తెలుగు పుస్తకాల తీరు వేరే. ప్రథమ ముద్రణ ఏ నెలలో, ఎన్ని ప్రతులు, వెల ఎంత అన్నది చాలావరకు లోపలి పేజీలోనే అచ్చేస్తారు. లాంగ్‌మన్స్‌వాళ్లు తనను ఎన్ని ప్రతులు వేశారో ఈ ప్రతి తన ఒంటిమీద ఎక్కడా చూసుకోలేదు. ఇంత తేలిక చేసిపెట్టినా మన మొదటి ముద్రణలను వెతికేవాళ్లు తక్కువే. ఏనుగుల వీరాస్వామి 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లివచ్చాడు. పోయేటప్పుడు హైదరాబాద్, నాగపూర్ మీదుగా నేలదారి, అటుతర్వాత గంగలో పడవల మీద కలకత్తా వైపు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో మద్రాసులో అచ్చయింది. యజమాని దగ్గరున్నది జిరాక్సు ప్రతి. దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించిన 1941 ముద్రణ దొరికినా చాలని ఆయన ఆశ. అది వస్తే బీరువాలో పైవరుస ఖాళీ చేయాల్సింది తానేనని ఈ ప్రతికి తెలుసు. అభ్యంతరం లేదు.

ప్రస్తుతం వేట ఎర్స్కిన్ చైల్డర్స్ 'ద రిడిల్ ఆఫ్ ద సాండ్స్' కోసం. 1903 నాటి మొదటి ముద్రణ. ఇసుకమేటల మధ్య చిన్న పడవ నడిపే గూఢచారి కథ కాబట్టి మ్యాపులు లేకపోతే సగం పుస్తకమే. రెండు మ్యాపులు, రెండు సముద్ర పటాలు ఉండాలి. చదివినవాళ్లు చించుకుపోయేది ముందు వాటినే. ఇప్పుడు దుబాయ్‌లో ఉంటున్న కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. ఎవరో అమ్ముతున్నారట.

"బాపూ, మ్యాపులు మూడే కనవడుతున్నయి. తీస్కోవాల్నా?"

"నాలుగుండాలె బిడ్డా. ఎనక అట్ట లోపల మడతవెట్టి ఉంటదేమో సూడు. దొరికినంకనే పైసలియ్యి."