పడే సీను కోసేశారు!

1960 అక్టోబరులో అమెరికాలో వార్నర్ బ్రదర్స్ వాళ్లకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కొత్త కార్టూన్ తీయాలంటే డబ్బు కావాలి. పాతవి గోదాములో మూలుగుతున్నాయి. ఒకప్పుడు హాళ్లలో అసలు సినిమాకు ముందు వేసిన ఏడేసి నిమిషాల పొట్టి చిత్రాలవి. వాటిని మూడేసి చొప్పున దండ గుచ్చారు. పైన 'ది బగ్స్ బన్నీ షో' అని బోర్డు కట్టారు. ఏబీసీ చానల్‌లో మొదట రాత్రిపూట వేశారు. తర్వాత శనివారం పొద్దుటికి జరిపారు. 1968లో సీబీఎస్‌కు వెళ్లి 'బగ్స్ బన్నీ/రోడ్ రన్నర్ అవర్' అయింది. ఆ తర్వాత ఇంకో పేరు. ఆపైన మరోటి. కుందేలు అదే, క్యారెట్టూ అదే. అలా 2000 దాకా లాగారు. నలభై ఏళ్లు!

మోసం అంటారా? తొందరపడకండి. ఆ షోలో కుందేలు తెర ముందుకొచ్చి ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య కబుర్లు చెబుతుంది. ఆ ముక్కలు కొత్తగా గీసినవి. గీయించింది ఎవరో కాదు. ఆ పాత చిత్రాలు తీసిన ఉద్దండులు చక్ జోన్స్, ఫ్రిజ్ ఫ్రెలెంగ్, రాబర్ట్ మెక్‌కిమ్సన్. పాత చీరకు కనీసం కొత్త అంచు కుట్టారు. మన ఏలికలు ఆ పాటి కష్టమైనా పడుతున్నారా?

అండమాన్ వెళ్దాం పదండి.

1943 డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్‌లో నేతాజీ జెండా ఎగరేశారు. అండమాన్‌కు షహీద్ అనీ, నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. సరిగ్గా 75 ఏళ్లకు, 2018లో అదే తేదీన ప్రధాని మోదీ వచ్చారు. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. రాస్ దీవికి నేతాజీ పేరే దక్కింది. నేతాజీ మొత్తం ద్వీపాలకు పెట్టిన పేర్లను కత్తిరించి, తెచ్చి రెండు టూరిస్టు దీవులకు అతికించారన్నమాట. పేరు కూడా పాత రీలే! సరే, ఊపు వచ్చింది, ఆగుతుందా? 2023 జనవరి 23న ఇంకో 21 దీవులకు పరమవీరచక్ర వీరుల పేర్లు. 2024 సెప్టెంబరు 13న పోర్ట్‌బ్లెయిర్ కాస్తా శ్రీవిజయపురం. వీరులకు దండం పెడదాం, పేచీ లేదు. ఓడ టికెట్టు కోసం తెల్లారుజామున క్యూ కట్టే మనిషికి ఏం మారింది? ఇంటి అడ్రసు మారింది. అంతే.

2011 లెక్కల్లో ఆ దీవుల జనంలో నూటికి 13 మంది తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడెక్కిన కుటుంబాలే ఎక్కువ. వాళ్ల పిల్లలకు టీవీలో దొరికేదేమిటి? ఛోటా భీమ్. మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ల సరుకే, 2008 నుంచీ తిరుగుతోంది. 2012లో 'కర్స్ ఆఫ్ దమ్యాన్' అని బొమ్మల సినిమా తీశారు. 2024లో అదే కథను మనుషులతో మళ్లీ తీశారు. లడ్డూ అదే. పోనీండి, వాళ్లది వ్యాపారం. మరి దూరదర్శన్? లాక్‌డౌన్ రాగానే 1987 నాటి రామాయణం దుమ్ము దులిపి 2020 మార్చి 28న మళ్లీ ఎక్కించింది. జనం విరగబడి చూశారు. పెద్దలకు జ్ఞానోదయమైంది. ఓహో, పాతదే వేసినా చూస్తారన్నమాట!

న్యాయం కూడా చెప్పాలి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ ఆ దీవులకు వచ్చింది. ఖర్చు 1,224 కోట్లు. ఇదొక్కటీ అచ్చంగా కొత్త బొమ్మ. కాదనను.

ఇక అసలు కథకు వద్దాం. అమెరికాలో ఆ శనివారం షోలకు చానళ్లవాళ్లు కత్తెర పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు చెడిపోతారట! రోడ్ రన్నర్ పక్షిని తరుముతూ కొయొటీ నక్క కొండ అంచు దాటేస్తుంది. గాల్లో నిలబడుతుంది. కిందికి చూస్తుంది. మనవైపు దీనంగా చూస్తుంది. టక్! కట్. తర్వాతి సీనులో కొత్త పథకంతో ప్రత్యక్షం. పడ్డదీ లేదు, అడుగున దుమ్ము లేచిందీ లేదు. కొండెక్కడం మాత్రం మిగిల్చి, పడడం కోసేశారు.

ఈ విద్య మనవాళ్లకు ఎవరు నేర్పారో గానీ, గురువును మించిపోయారు. 2023 జూలై 18న పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం కొత్త టెర్మినల్‌ను ప్రధాని వీడియోలో ప్రారంభించారు. శంఖం ఆకారం. 710 కోట్లు. ఏటా 50 లక్షల మంది ప్రయాణికులట. భళా! వారం తిరక్కముందే సీలింగు పలకలు ఊడి వేలాడాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. అప్పటి విమానయాన మంత్రి సింధియా గారు ఏమన్నారు? అది టెర్మినల్ బయట అన్నారు. సీసీటీవీ పనుల కోసం వదులు చేశారన్నారు. గాలి గట్టిగా వీచిందన్నారు. విన్నారుగా? ఊడలేదు, వదులు చేశారు. పైగా గాలి! బంగాళాఖాతం నడిమధ్యన గాలి వీస్తుందని పాపం ఏ ఇంజనీరు మాత్రం ఊహించగలడు?

ఇప్పుడు నడుస్తున్న ఎపిసోడ్ గ్రేట్ నికోబార్. టైటిల్ 'సమగ్రాభివృద్ధి'. ఒకప్పుడు చెప్పిన బడ్జెట్ 72,000 కోట్లు. గలథియా బేలో రేవు, పక్కన విమానాశ్రయం, కరెంటు ప్లాంటు, కొత్త ఊరు. దీనికి 130 చదరపు కిలోమీటర్ల అడవి పోవాలి. పోస్టర్‌లో లేనిదేమిటో తెలుసా? 2004 డిసెంబరు 26. సునామీ తెచ్చిన ఆ భూకంపానికి, ఈ దీవి కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌస్ చుట్టూ సముద్రం చేరింది. భూమే పడిన సీను! దాన్నీ కోసేశారు.

గలథియా తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. అక్కడొక అభయారణ్యం ఉండేది. 2021 జనవరిలో దాన్ని రద్దు చేసేశారు. మరి కొట్టేసే అడవికి బదులో? ఉందండోయ్, ఎందుకు లేదు! బదులు అడవిని హర్యానాలో పెంచుతామన్నారు. ఔను, హర్యానాలోనే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన. బాగానే ఉంది, మొక్కలు నాటుతారు, ఫొటోలు దిగుతారు. తాబేళ్లను అక్కడిదాకా ఏ ఓడలో పంపుతారు? టికెట్లు మనుషులకే దొరకడం లేదు.