ఒక ఆకలి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“దగ్గర్లో మంచి అఫ్ఘాన్ హోటల్ ఏదన్నా ఉందాండీ?”

అవతారిక

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పు తీరాన ఉన్న ఫ్రీమాంట్ నగరంలో కాపురమున్న తెలుగువారి నోట వారాంతాల్లో వెలువడే ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. వేదంలాగా అపౌరుషేయమనడం అతిశయోక్తి కావచ్చు గాని, చాటువులాగా అజ్ఞాతకర్తృకమనడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. ఛందస్సు లేకపోయినా ఆకలి ఉన్నందువల్ల, ఆరు పదాల్లోనే దేశం, రుచి, సందేహం, మర్యాద ఇమిడినందువల్ల ఇది వ్యాఖ్యానార్హం. ఇంతవరకు దీనికి జవాబులు చెప్పినవారే గాని అర్థం చెప్పినవారు లేరు. ఆ కారణం చేతనే జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

టీక

విశేష్యం తేలనిదే విశేషణానికి అర్థం చెప్పడం కుదరదు గనుక ‘మంచి’ అన్న పదాన్ని చివరికి తీసుకోవడమైనది.

దగ్గర్లో = సమీపమందు. గంగలో గొల్లపల్లె ఉన్నదంటే నీటిలో అని గాక ఒడ్డున అని గ్రహించినట్లే, ఇక్కడ కూడా లక్షణావృత్తిని ఆశ్రయించాలి. అమెరికాలో సామీప్యాన్ని మైళ్ళతో గాక నిమిషాలతో కొలుస్తారు. 880వ నంబరు రహదారి మీద సాయంకాలపు రద్దీలో అయిదు మైళ్ళు దూరమై, ఆదివారం పొద్దున పదిహేను మైళ్ళు దగ్గరైన సందర్భాలు అనేకం. అయితే ఫ్రీమాంట్‌వాసి ఈ చర్చలో మునగనక్కరలేదు. 1956లో అయిదు ఊళ్ళు కలిసి ఏర్పడిన ఈ నగరంలో ఆ అయిదింటిలో ఒకటైన సెంటర్‌విల్ పేట, దాని గుండా సాగే ఫ్రీమాంట్ బులివార్డు ‘లిటిల్ కాబూల్’ అనే పేరు తెచ్చుకున్నవి గనుక, అతని సామీప్యం వాచ్యార్థంలోనే సిద్ధిస్తుంది.

అఫ్ఘాన్ = అఫ్ఘానిస్తాన్‌కు చెందిన. ‘అఫ్ఘానీ’ అని పాఠాంతరం. ఇది అసాధువు, అఫ్ఘాన్ అంటే మనిషి, అఫ్ఘానీ అంటే ఆ దేశపు నాణెం. ఈ పాఠం హైదరాబాదు భోజనశాలల పట్టికల నుంచి వలస వచ్చింది. అక్కడ మీగడ, జీడిపప్పు ముద్ద పట్టించి కాల్చిన కోడిని ‘అఫ్ఘానీ చికెన్’ అంటారు. ఆ కోడి కాబూలు వంటింట పుట్టినది కాదు. దానిని వెతుక్కుంటూ సెంటర్‌విల్ వెళ్ళినవారు నిరాశతో తిరిగివచ్చి, ఆ హోటల్ వారికి అఫ్ఘాన్ వంట రాదని తీర్పు చెప్పడం కూడా కలదు.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించిన తరువాత దేశం విడిచినవారిలో చాలా కుటుంబాలు ఫ్రీమాంట్ ప్రాంతానికి చేరాయి. 2021 ఆగస్టులో కాబూలు మళ్ళీ తాలిబన్ల చేతికి వెళ్ళినప్పుడు మరికొందరు వచ్చారు. ఖాలిద్ హుస్సేనీ 2003లో ప్రచురించిన ‘ద కైట్ రన్నర్’ నవలలో తండ్రీకొడుకులు వలస వచ్చి కాపురం పెట్టిన ఊరు ఇదే. కనుక ‘అఫ్ఘాన్’ అన్న ఈ విశేషణం వెనుక నాలుగు దశాబ్దాల యుద్ధం ఉన్నదని, కబాబు కోసం వచ్చినవారు కూడా తెలిసి ఉండడం ఉచితం.

ఇక తెలుగువానికి అఫ్ఘాన్‌తో బంధుత్వం లేదన్న పూర్వపక్షం ఇంగువ వల్ల ఖండితమవుతున్నది. అమరకోశం ఇంగువకు ‘బాహ్లీకం’ అని పర్యాయపదం చెప్పింది. బాహ్లీకమంటే ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ సీమ. భారతదేశంలో ఇంగువ సాగుకు తొలి మొక్కను లాహౌల్ లోయలో నాటినది 2020 అక్టోబరులో మాత్రమే. అంతవరకు పులిహోర ఘుమఘుమ అంతా దిగుమతి సరుకే, అందులో పెద్ద పాలు అఫ్ఘానిస్తాన్‌దే. విచిత్రమేమంటే, ఇంగువ ఎగుమతి చేసే ఆ దేశపు వంటలో దానికి చెప్పుకోదగిన చోటు లేదు. ఇంగువ కట్టిన గుడ్డ సామెత మనకు దక్కింది, ఇంగువ అమ్మిన డబ్బు వారికి దక్కింది.

హోటల్ = భోజనశాల. ఇంగ్లీషులో ఈ మాటకు బస అని అర్థం. తెలుగులో బసకు లాడ్జి అన్న మాట స్థిరపడినందువల్ల హోటల్‌కు భోజనమే మిగిలింది. ఈ భేదం తెలియని అమెరికనును అడిగితే పడక చూపించే ప్రమాదం ఉంది.

ఏదన్నా = ఏదైనను. నిస్పృహార్థకం.

ఉందాండీ = ఉందా + అండీ. సంబోధన గౌరవార్థకం, జవాబు చెప్పేవాడు దారి కూడా చెప్తాడన్న ఆశ దీని ధ్వని.

మంచి = ? వాక్యానికి ప్రాణం ఇదే, చిక్కు కూడా ఇదే.

పూర్వపక్షం: మంచిదనగా కారంగా ఉండునది, బిర్యానీ వంటిది. ఈ లక్షణాన్ని అంగీకరిస్తే అఫ్ఘాన్ హోటళ్ళలో మంచిది ఒక్కటీ మిగలదు, ఎందుకంటే ఆ వంటలో మిరపకాయ ప్రధాన పాత్ర కాదు. కారం కావలసినవారికి పక్కన కొత్తిమీర చట్నీ గిన్నె వస్తుంది, అంతే. ఒక వంటను ఇంకొక వంట తూకపురాళ్ళతో తూచడం న్యాయశాస్త్ర సమ్మతం కాదు. హైదరాబాదు కచ్చీ బిర్యానీలో పచ్చిమాంసం మీద సగం ఉడికిన బియ్యం వేసి దమ్ము చేస్తారు. కాబూలీ పులావులో మాంసాన్ని ముందుగా ఉడికించి, ఆ రసంలో బియ్యాన్ని మగ్గబెడతారు. మొదటిది మసాలా విద్య, రెండవది రసవిద్య. కనుక ‘ఇది బిర్యానీ అంత బాగాలేదు’ అనడం, ఇడ్లీ దోసె అంత కరకరలాడలేదు అనడం వంటిది.

సిద్ధాంతం: మంచిది అనగా పులావు, రొట్టె, మజ్జిగ ఈ మూడింటా తప్పనిది.

పులావుకు వాడే సెల్లా బియ్యం మరేమీ కాదు, బాస్మతిలో ఉప్పుడు బియ్యం; అందువల్లనే రసం ఎంత పీల్చినా మెతుకు మెతుకునంటదు. పైన సన్నగా చీల్చి చక్కెరతో మగ్గబెట్టిన క్యారెట్, కిస్‌మిస్ ఉంటాయి. మాంసం పైన కనిపించదు, అన్నం కింద దాగి ఉంటుంది. వడ్డించగానే ‘ముక్క ఏదీ?’ అని కేకవేయడం తెలుగు దేశీయతకు చిహ్నం. మెతుకు ముద్దగా ఉన్నా, తీపి పాయసాన్ని తలపించినా ఆ హోటల్ ‘మంచి’ కాదు. శాకాహారులకు ఇక్కడ ఒక హెచ్చరిక: మాంసం ముక్క తీసేసి పెట్టినంత మాత్రాన పులావు శాకాహారం కాదు, అన్నం ఉడికిందే మాంసరసంలో గనుక. వంకాయ, పెరుగు కలిసిన బోరానీ బాంజాన్, ఆలుగడ్డ కూరి కాల్చిన బోలానీ వారికి శరణ్యాలు. అశక్ అనే వంటకంలో లోపల ఉల్లికాడ వంటి గందనా ఆకు మాత్రమే ఉన్నా, పైన కీమా పోసే ఆచారం ఉన్నందున దానిని ముందే అడిగి తెలుసుకోవాలి.

మంతూ అనేది కుడుముల కులానికి చెందినది. ఆవిరి మీద ఉడుకుతుంది. పూర్ణానికి బదులు కీమా, ఉల్లి ఉంటాయి. పైన వెల్లుల్లి పెరుగు, పప్పు, ఎండు పుదీనా పొడి పడతాయి. కీమా గొర్రెదా, గొడ్డుదా అన్న ప్రశ్న అవసరమైనవారు సంకోచించక వేయవచ్చు. చప్లీ కబాబుకు చెప్పులతో సంబంధం కల్పించేవారి మాట వినరాదు. పష్తో భాషలో చదునైనది అనే అర్థమిచ్చే మాట నుంచి అది వచ్చిందని విజ్ఞులు చెప్తారు. దోగ్ అంటే ఉప్పు, పుదీనా వేసిన మజ్జిగ. దీనికి తెలుగువానికి వ్యాఖ్యానం అక్కరలేదు, రెండో గ్లాసు కావాలి.

తాత్పర్యం

ఓ పెద్దమనిషీ, నిమిషాలలో చేరదగిన దూరంలో, మీగడ కోళ్ళ భ్రాంతి లేనిదీ, మెతుకు మెతుకు విడివడే పులావు వండేదీ, అఫ్ఘాన్ కుటుంబాలు పిల్లలతో వచ్చి కూర్చునేదీ అయిన భోజనశాల ఉన్నచో చెప్పుము, అని భావం.

విశేషం

ప్రశ్న ‘ఉందా’ అని ముగిసింది గనుక జవాబు ‘ఉంది’ అని మొదలు కావాలి. అడగవలసినది మాత్రం తోటి తెలుగువారిని కాదు, రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడిన అఫ్ఘాన్ పెద్దలను. సెంటర్‌విల్‌లో మైవంద్ మార్కెట్ అనే దుకాణం ఉంది. 1880లో అయూబ్ ఖాన్ బ్రిటిషు సేనను ఓడించిన మైవంద్ యుద్ధం పేరు అది, షెర్లాక్ హోమ్స్ మిత్రుడు వాట్సన్‌కు తూటా తగిలిన యుద్ధం కూడా అదే. ఆ దుకాణంలో మూరకు మించిన పొడవున, వేళ్ళతో చాళ్ళు తీసి కాల్చిన నాన్ రొట్టె వేడివేడిగా దొరుకుతుంది. కారు ఇంటికి చేరేలోపు ఒకటి తప్పక అయిపోతుంది గనుక రెండు కొనాలి.